పి.డబ్ల్యు. 1: అత్యాచార విచారణలో బాధితురాలి స్థానం

అత్యాచారాన్ని వస్తువుగా తీసుకున్న కథలు మనకు కొత్త కాదు. వాటిలో కోర్టు ఘట్టం వున్నవీ తక్కువేం కాదు. నేను చదివిన మేరకు ఆ ఘట్టాలు ఇంచుమించు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఆమె బోనులో నిలబడి వుంటుంది. ముద్దాయి తరఫు ప్లీడరు ఆమెను ప్రశ్నలతో చిత్రవధ చేస్తాడు. అప్పుడు ఆమె ప్లీడరు ఆవేశంగా లేస్తాడు. అభ్యంతరం చెప్తాడు. ఆ తర్వాత రెండు పేజీల ఉపన్యాసం. అందులో సీత వస్తుంది, ద్రౌపది వస్తుంది, సమాజం వస్తుంది, రాజ్యాంగం కూడా వస్తుంది. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు. తీర్పు మనకు ముందే తెలుసు.

నేను చెప్పదలుచుకున్నది ఆ రెండో ప్లీడరు గురించి. అతను లేడు. మన చట్టం ప్రకారం సెషన్స్ కోర్టులో జరిగే విచారణలో ఆమె పక్షాన లేచి వాదించడానికి, సాక్షుల్ని ప్రశ్నించడానికి హక్కుగల ప్లీడరంటూ ఎవరూ వుండరు. అక్కడ వుండేది పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఆయన కక్షిదారు ఆమె కాదు, రాజ్యం. కేసు కట్ట మీద చూడండి: ఒకవైపు రాష్ట్ర ప్రభుత్వం, మరోవైపు ముద్దాయి. ఆమె పేరు ఎక్కడా వుండదు. పేరు దాచడం ఆమె రక్షణ కోసం చట్టం పెట్టిన నియమం, అది వేరు. కానీ పేరు దాచనక్కర్లేని కేసుల్లోనైనా బాధితుడి పేరు ఆ వరసలో వుండదు. నేరం జరిగింది రాజ్యానికి. ఆమె దానికి సాక్షి. సాక్షుల జాబితాలో మొదటి అంకె తరచు ఆమెకే దక్కుతుంది: పి.డబ్ల్యు. 1. అంటే ప్రాసిక్యూషన్ సాక్షి నంబరు ఒకటి. డాక్టరుకూ, పంచనామా మీద సంతకం పెట్టిన వీధి కిరాణాకొట్టు ఆసామికీ వచ్చినట్టే ఆమెకూ సమన్లు వస్తాయి. రాకపోతే ఆమె మీదా వారంటు పుట్టవచ్చు.

ఇందులో ఒక విచిత్రం వుంది. మన తీర్పుల్లో ఆమెను ప్రాసిక్యూట్రిక్స్ అని రాయడం చిరకాలపు ఆచారం. ఆ మాటకు అసలు అర్థం నేరారోపణ నడిపే స్త్రీ అని. పాత సాక్ష్యచట్టంలో కూడా ఆ మాటే వుండేది. ఏదీ నడిపే అధికారం లేని మనిషికి నడిపించేది అని పేరు! ఇంగ్లండులో బాధితులే సొంతంగా కేసులు నడుపుకున్న కాలంనుంచి ఆ మాట మిగిలిపోయింది. పని పోయింది, బిరుదు మిగిలింది. మనకు జమీందారీలు పోయినా రాజావారు అన్న పిలుపు మిగిలినట్టు.

సాహిత్యంలో కోర్టును లోపలినుంచి చూసి రాసినవాడు రావిశాస్త్రి. ఆయన వృత్తిరీత్యా వకీలు కావడం ఇక్కడ ముఖ్యమైన సంగతి. 'ఆరు సారా కథలు'లో ముత్యాలమ్మకు ప్లీడరు వున్నాడంటే ఆమె ముద్దాయి కాబట్టి వున్నాడు. సారా కేసులో పట్టుబడిన మనిషికి ప్లీడరును పెట్టుకునే హక్కు వుంది. ఆ ప్లీడరుకు పోలీసు సాక్షిని నిలదీసే హక్కు వుంది. రావిశాస్త్రి ఈ సూక్ష్మం ఎరిగే రాశాడు. ఆ తర్వాత అరవై ఏళ్ళకు వచ్చిన 'వకీల్ సాబ్' సినిమా చూడండి. 2016 నాటి హిందీ 'పింక్'ను 2021లో తెలుగులో తీశారు. ఇష్టం లేదని చెప్పే హక్కు ఆడదానికి వుందని ఆ సినిమాలో వకీలు ఎలుగెత్తి వాదిస్తాడు, ఎదుటి సాక్షుల్ని చీల్చి చెండాడతాడు. ఎలా వాదించగలిగాడు? ఆ అమ్మాయి మీద హత్యాయత్నం కేసు వుంది కాబట్టి. ఆమె బోనులో నిలబడింది ముద్దాయిగా. అదే ఆమె వట్టి ఫిర్యాదుదారుగా కోర్టుకు వచ్చివుంటే ఆ వకీలు వెనక బెంచీలో కూర్చుని, ప్రాసిక్యూటరు చెవిలో ఏదో చెప్పడానికి ప్రయత్నించడం తప్ప చెయ్యగలిగింది లేదు. మన న్యాయవ్యవస్థలో ఆడదానికి గొంతు రావాలంటే ముందు ఆమె మీద ఏదో ఒక నేరం మోపబడాలన్నమాట. సినిమా తీసినవాళ్ళు ఈ సంగతి చెప్పాలనుకున్నారో లేదో నాకు అనవసరం. సినిమాలో ఈ సంగతి వుంది.

ఇక వాంగ్మూలం సంగతి. సాహిత్య విద్యార్థులు శ్రద్ధగా చూడవలసింది ఇది. మనం ఉత్తమపురుష కథనం గురించి ఎంతో చర్చించుకుంటాం. కోర్టులో ప్రతిరోజూ వందల ఉత్తమపురుష కథనాలు తయారవుతున్నాయి. వాటి శిల్పం మనం పట్టించుకోలేదు.

సాక్షి చెప్పింది మామూలుగా కథనంలాగా నమోదు చెయ్యాలని విచారణ విధానం. ప్రశ్న, జవాబు అని విడివిడిగా రాయడం జడ్జి అవసరమనుకున్నప్పుడే. అంటే ఏమవుతుంది? క్రాసులో ప్లీడరు అడుగుతాడు: "రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా ఆ దారిన ఎందుకు వెళ్ళావు?" ఆమె తల వంచుకుని ఏదో అంటుంది. కాగితం మీదికి వచ్చేసరికి ఇలా వుంటుంది: "నేను రాత్రి 9 గంటలకు ఒంటరిగా ఆ దారిన వెళ్ళితిని." ప్రశ్న మాయమైంది. ప్రశ్నలో వున్న ఎత్తిపొడుపు మాయమైంది. ఆమె మౌనంగా వున్న నిమిషం మాయమైంది. మిగిలింది ఆమె తనంతట తాను తీరిగ్గా చెప్పుకున్నట్టున్న ఒక వాక్యం. ఆ తర్వాత సూచనలు వస్తాయి. ప్లీడరు తన వాదనను సాక్షి ముఖాన పెట్టి కాదనిపించుకోవాలి కదా. "నాకు ముద్దాయితో పూర్వ పరిచయము కలదనియు, డబ్బు తగాదాలవల్ల ఈ తప్పుడు కేసు పెట్టితిననియు అనుట వాస్తవము కాదు." ఈ వాక్యం ఎవరిది? భాష కోర్టు గుమాస్తాది, ఊహ ముద్దాయి ప్లీడరుది, వ్యాకరణంలో కర్త మాత్రం ఆమె. తన మీద మోపిన ప్రతి నిందనూ ఆమె తన నోటితో పలికి, చివర వాస్తవము కాదు అని చేర్చుకోవాలి. చివర సంతకమో వేలిముద్రో పెట్టాలి. ఏళ్ళ తర్వాత హైకోర్టు జడ్జిగారి ముందుకు వెళ్ళేది ఈ కాగితమే. ఆయన ఆమెను చూడడు. ఈ "నేను"ను చూస్తాడు.

అందుకనే పాల్గొనే హక్కు అన్న మాట ఉత్త లాంఛనం కాదు. ఆ "నేను" తయారవుతున్న గదిలో ఆమె మనిషి ఒకడున్నాడా లేదా, ఉంటే అతనికి నోరు తెరిచే అధికారం వుందా లేదా అన్నదానిమీద ఆ కాగితం ఆధారపడి వుంటుంది.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న రక్తంతో తలెత్తింది 1978లో. ఆ మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషన్లో తనపై పోలీసులు అత్యాచారం చేశారని రమీజాబీ చెప్పింది. ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ను వేసింది. కమిషన్ ముందు పోలీసుల పక్షం చేసిన ప్రధాన ప్రయత్నం ఆమె శీలం మంచిది కాదని రుజువు చెయ్యడం. అయినా కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. తర్వాత క్రిమినల్ కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అక్కడి కోర్టు పోలీసులను విడుదల చేసింది. అప్పుడు రమీజాబీ ఏం చెయ్యగలదు? చట్టప్రకారం ఏమీ లేదు. పోలీసులు పెట్టిన కేసులో ముద్దాయి విడుదలైతే అప్పీలుకు పోయే అధికారం ఆనాడు ప్రభుత్వానికే వుండేది. మహా అయితే రివిజన్ కోసం పై కోర్టు తలుపు తట్టవచ్చు. అదీ కోర్టు దయ, ఆమె హక్కు కాదు. ముద్దాయిలు ప్రభుత్వోద్యోగులు, ప్రాసిక్యూటరు ప్రభుత్వోద్యోగి, అప్పీలు నిర్ణయం ప్రభుత్వానిది. ఇరుపక్షాలా ఒకే యజమాని వున్న వ్యాజ్యంలో ఆమె మధ్యలో నిలబడ్డ సాక్షి.

అదే 1978లో సుప్రీం కోర్టు మథుర కేసు తీర్పిచ్చింది. మహారాష్ట్ర చంద్రపూరు జిల్లాలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషన్లో 1972లో జరిగిన సంఘటన అది. బాధితురాలు ఆదివాసీ బాలిక. బొంబాయి హైకోర్టు వేసిన శిక్షను సుప్రీం కోర్టు రద్దు చేసింది. ఒంటిమీద గాయాలు లేవు, ప్రతిఘటించినట్టు ఆధారం లేదు అన్నది ఆ తీర్పు ధోరణి. 1979లో ఉపేంద్ర బక్షి, వసుధా ధగంవార్, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగలేఖతో దేశమంతా మహిళా ఉద్యమం కదిలింది. ఫలితం 1983 సవరణ చట్టం. కస్టడీలో జరిగిన అత్యాచారంలో, కలయిక రుజువై, ఆమె సమ్మతించలేదని చెప్తే కోర్టు ఆమెనే నమ్మి మొదలుపెట్టాలని అది చెప్పింది. విచారణ మూసిన తలుపుల వెనక జరగాలన్నది, ఆమె పేరు ప్రచురించకూడదన్నది కూడా ఆ చట్టమే. ఇవన్నీ మంచి మార్పులే. కాని గమనించండి, ఇవి ఆమెకు రక్షణ ఇచ్చాయి, పాత్ర ఇవ్వలేదు. ఆమెను మరింత భద్రంగా కూర్చోబెట్టాయి, అంతే. ఆమె శీలాన్ని సాక్ష్యంగా వాడుకోవచ్చునన్న సెక్షను 2002 చివరిదాకా పుస్తకంలో వుండనే వుంది.

ఆమెకు సొంత ప్లీడరు అవసరమని సుప్రీం కోర్టు మొదటిసారి గట్టిగా చెప్పింది 1994లో. ఢిల్లీకి రైల్లో వెళుతున్న ఇళ్ళలో పనిచేసుకునే ఆదివాసీ స్త్రీలపై సైనికులు జరిపిన అత్యాచారం కేసు అది. ఢిల్లీ గృహకార్మిక స్త్రీల వేదిక కోర్టుకెళ్ళింది. పోలీసు స్టేషన్లో అడుగుపెట్టినప్పటినుంచి ఆమెకు న్యాయవాది సాయం వుండాలి, ఆ హక్కు వుందని పోలీసులే ఆమెకు చెప్పాలి, వీలైనంతవరకు చివరిదాకా అదే న్యాయవాది వుండాలి అని కోర్టు చెప్పింది. కాగితం మీద అద్భుతంగా వుంది. మన మండల కేంద్రాల్లోని పోలీసు స్టేషన్లలో ఎన్నిచోట్ల న్యాయవాదుల జాబితా గోడకు వేలాడుతోందో ఒకసారి వెళ్ళి చూడమని యువ రచయితలకు నా సలహా. 1996లో గుర్మీత్ సింగ్ కేసులో, క్రాసు పేరిట ఆమెను వేధిస్తుంటే జడ్జి చూస్తూ ఊరుకోకూడదన్నారు. 2004లో సాక్షి కేసులో, ఇబ్బంది కలిగించే ప్రశ్నల్ని రాసి జడ్జికిస్తే జడ్జే అడగాలని, ఆమెకు ముద్దాయి కనిపించకుండా తెర కట్టాలని అన్నారు. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం దీన్ని నియమం చేసింది. అక్కడ ప్లీడర్లు నేరుగా బిడ్డను ప్రశ్నించరు, కుటుంబం తమకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకోవచ్చు.

అసలు మలుపు 2009 చివర అమల్లోకి వచ్చిన సవరణ. బాధితులంటే ఎవరో విచారణ స్మృతిలో మొదటిసారిగా నిర్వచించారు. ముద్దాయి విడుదలైనా, తక్కువ నేరానికి శిక్ష పడినా, పరిహారం చాలకపోయినా బాధితులు తామే అప్పీలు చేసుకోవచ్చన్నారు. రాయచూరు తీర్పునాడు లేని తలుపు ఇది. దానికి కోర్టు ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదని 2018లో మల్లికార్జున కొడగలి కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. శిక్ష తక్కువైందని మాత్రం అప్పీలు లేదు. ఇక విచారణలో ప్రాసిక్యూటరుకు సహాయపడేందుకు బాధితులు న్యాయవాదిని పెట్టుకోవడానికి కోర్టు అనుమతించవచ్చన్నారు.

ఆ సహాయపడడం అనే క్రియలోనే వుంది కిటుకంతా. ఎంతవరకు సహాయం? 2019లో రేఖా మురార్కా అనే స్త్రీ తన భర్త హత్య కేసులో ఈ ప్రశ్న వేసింది. నా న్యాయవాది సాక్షుల్ని ప్రశ్నించవచ్చా, మౌఖికంగా వాదించవచ్చా? కుదరదంది సుప్రీం కోర్టు. సహాయమంటే సహాయమే. చెప్పదలుచుకున్నది ప్రాసిక్యూటరుకు చెప్పాలి. ఆయన అడగకపోతే జడ్జికి చెప్పాలి. జడ్జికి సబబనిపిస్తే ఆయన అడుగుతాడు. సాక్ష్యం పూర్తయ్యాక అనుమతిస్తే రాతమూలకంగా వాదన ఇవ్వవచ్చు. అందుచేత, కథకులు ఆమె ప్లీడరును ప్రవేశపెట్టాలనుకుంటే అతన్ని చీటీ రాస్తున్నట్టు చూపించాలి. చీటీ ప్రాసిక్యూటరు బల్ల మీదికి వెళుతుంది. ఆ రోజు ఆయన చేతిలో ఇంకా ఎన్నో కేసుల కట్టలుంటాయి. ఆయన చీటీ చదివాడా, జేబులో పెట్టుకున్నాడా? రెండు పేజీల ఉపన్యాసం కంటే ఈ చీటీలో నాకు ఎక్కువ నాటకం కనిపిస్తోంది.

మళ్ళీ 2022లో లఖింపూర్ ఖేరీ రైతుల హత్యల కేసులో అదే సుప్రీం కోర్టు మరో స్వరంతో మాట్లాడింది. బాధితులు ప్రేక్షకుల్లా దూరంగా కూర్చోనక్కర్లేదు, దర్యాప్తునుంచి అప్పీలుదాకా ప్రతి దశలోనూ వినిపించుకునే హక్కు వారికుందని చెప్పి, వారి మాట సరిగా వినకుండా ఇచ్చిన బెయిలును రద్దుచేసింది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కనే బతుకుతున్నాయి. బెయిలు దగ్గర నోరుంది, సాక్షి బోను దగ్గర లేదు. నా ఉద్దేశంలో ఇది తర్కం మీద నిలబడ్డ గీత కాదు, అలవాటు మీద నిలబడ్డ గీత.

అయితే ఈ దేశంలోనే ఒక చట్టం అందరికంటే ముందుకు వెళ్ళింది. దాన్ని సాధించింది దళిత, ఆదివాసీ ఉద్యమాలు. షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణలో 15-ఎ అనే సెక్షను వుంది. బాధితులకు ప్రతి కోర్టు చర్య గురించీ ముందుగా తెలియజెయ్యాలి. బెయిలు, డిశ్చార్జి, విడుదల, పెరోలు, దోషనిర్ధారణ, శిక్ష, అన్నింటిలోనూ వారి మాట వినాలి. రాతమూలకంగా వాదన ఇచ్చుకోవచ్చు. విచారణను వీడియో తియ్యాలి. అంటే ఆ మాయమయ్యే ప్రశ్న ఎక్కడో ఒకచోట మిగులుతుందన్నమాట. నియమావళి ప్రకారం బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని కేసు నడపడానికి పెట్టవచ్చు. ఈ నోటీసూ, వినడమూ ఐచ్ఛికం కాదు, తప్పనిసరి అని 2021లో హరిరాం భంభీ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అగ్రకులాల స్త్రీకి లేని హక్కు దళిత స్త్రీకి పుస్తకంలో వుంది. పుస్తకంలో ఎందుకు పెట్టవలసి వచ్చిందో వాకపల్లి చెప్తుంది.

2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీ జి. మాడుగుల మండలంలోని వాకపల్లికి గ్రేహౌండ్స్ పోలీసులు వచ్చారు. తమపై సామూహిక అత్యాచారం చేశారని పదకొండు మంది కోంధు స్త్రీలు ఫిర్యాదు చేశారు. పోలీసులు కాదన్నారు. తర్వాతి పదేళ్ళు గడిచింది విచారణలో కాదు, విచారణ జరగాలా వద్దా అన్న వివాదంలో. హైకోర్టు దాటి, సుప్రీం కోర్టుదాకా వెళ్ళి, 2017లో ఆరు నెలల్లో విచారణ ముగించమన్న ఆదేశం తెచ్చుకున్నారు. విశాఖపట్నం ప్రత్యేక కోర్టులో తీర్పు వచ్చింది 2023 ఏప్రిల్ 6న. ముద్దాయిలందరూ విడుదలయ్యారు. కాని అదే తీర్పులో దర్యాప్తు లోపాలను కోర్టు ఎత్తిచూపింది, ఆ స్త్రీలకు పరిహారం ఇప్పించమని జిల్లా న్యాయసేవల సంస్థను ఆదేశించింది. నేరం రుజువు కాలేదు, పరిహారం మాత్రం ఇవ్వాలి. ఈ రెండు వాక్యాల మధ్య పదిహేనేళ్ళ పైచిలుకు కాలం వుంది.

విచారణ మొదలయ్యేనాటికి 15-ఎ అమల్లోనే వుంది. అయినా అది చెయ్యగలిగింది ఎంత? విచారణలో పాల్గొనే హక్కు, దర్యాప్తులో పోయినదాన్ని తెచ్చివ్వలేదు. మొదటి వారంలో సేకరించని సాక్ష్యం పదకొండో ఏట న్యాయవాది ఎంత గొప్పవాడైనా పుట్టదు. కాబట్టి ఆమెకు స్థానం కావలసింది అందరికంటే ముందు పోలీసు స్టేషన్లో. పోలీసులు కేసు మూసేస్తున్నామని నివేదిక పెట్టినప్పుడు ఫిర్యాదిదారుకు నోటీసిచ్చి వినాలని 1985లో భగవంత్ సింగ్ కేసులోనే సుప్రీం కోర్టు చెప్పింది. వాకపల్లి స్త్రీలు నిజానికి హక్కు ఇచ్చేదాకా ఆగలేదు. మానవహక్కుల వేదిక వంటి సంఘాల తోడుతో కొండ దిగివచ్చి ప్రతి కోర్టు మెట్టూ ఎక్కారు. చట్టం వాళ్ళను సాక్షులుగానే చూసింది. వాళ్ళు కక్షిదారుల్లాగే ప్రవర్తించారు. కోంధుల భాష కువి. మన కింది కోర్టుల్లో నడిచేది తెలుగు, పై కోర్టుల్లో ఇంగ్లీషు. పైన చెప్పిన ఆ "నేను" ఇక్కడ ఇంకా ఎన్ని చేతులు మారుతుందో ఊహించుకోవచ్చు.

ఇది ప్రపంచమంతటా ఇలాగే వుంటుందనుకోవద్దు. ఫ్రాన్సులో బాధితులు క్రిమినల్ కేసులోనే సివిల్ పక్షంగా చేరవచ్చు. వారి న్యాయవాదులు దస్త్రం చూస్తారు, ముద్దాయిల్ని ప్రశ్నిస్తారు, ఆఖర్న వాదిస్తారు. 2024లో అవిన్యోఁ నగరంలో జరిగిన జిజెల్ పెలికో కేసు అందరూ పేపర్లలో చదివే వుంటారు. భర్తతో సహా 51 మందికి ఆ డిసెంబరులో శిక్ష పడింది. విచారణ మూసిన తలుపుల వెనక జరగాలని కోరే హక్కు అక్కడ ఆమెది. ఆమె దాన్ని వద్దంది, తలుపులు తెరవమంది. మన దగ్గర తలుపులు మూయడం చట్టం విధించిన నియమం. ఆమెను అడిగేదేమీ లేదు. మన నియమం పనికిరాదని నేననను. మన ఊళ్ళలో చాలామందికి ఆ మూసిన తలుపే ప్రాణం. కాని సిగ్గు ఎవరి పక్షాన వుండాలో నిర్ణయించే అధికారం ఒకచోట ఆమె చేతిలో వుంది, మరోచోట జడ్జి చేతిలో వుంది. తేడా అది.

దీనికి ఒక అభ్యంతరం వుంది. దాన్ని అభ్యుదయవాదులం తేలిగ్గా తోసెయ్యకూడదు. ముద్దాయి ఒకడు, అతనికి ఎదురుగా రాజ్యం. దానికి తోడు ఇంకో న్యాయవాది కూడా చేరితే తక్కెడ ఒరిగిపోదా? మన జైళ్ళలో విచారణ కోసం మగ్గుతున్నవాళ్ళు ఎవరో మనకు తెలుసు, ఎక్కువమంది పేదలు, దళితులు, ఆదివాసులు, ముస్లింలు. పౌరహక్కుల ఉద్యమం ఇన్నేళ్ళుగా కాపాడుకొస్తున్న ముద్దాయి హక్కుల్ని బాధితురాలి పేరిట వదులుకుందామా?

నా జవాబు ఇది. సమాచారం తెలుసుకోవడం, బెయిలు దగ్గరా కేసు మూసివేత దగ్గరా తన మాట చెప్పుకోవడం, తన శీలం మీద అడిగే ప్రశ్నకు తన న్యాయవాది అభ్యంతరం చెప్పడం, వీటివల్ల ముద్దాయి హక్కుల్లో ఒక్క వీసం కూడా తగ్గదు. నిర్దోషి అన్న భావన అలాగే వుంటుంది. రుజువు భారం ప్రాసిక్యూషన్ మీదే వుంటుంది. శిక్ష ఎంత వెయ్యాలో చెప్పే హక్కు విషయంలో మాత్రం నాకు సంకోచం వుంది. శిక్ష పగతో కొలవరాదు. అసలు ప్రమాదం ఇంకోచోట వుంది. బాధితురాలి పేరు చెప్పి రాజ్యం తన బలాన్ని పెంచుకోవడం. 2019 డిసెంబరు 6న హైదరాబాదు శివార్లలో దిశ కేసు నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చిచంపితే జనం పోలీసుల మీద పూలు చల్లారు. మన కవులు కొందరు పద్యాలూ రాశారు. సుప్రీం కోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, అది ఆత్మరక్షణ కాదు, చంపాలనే కాల్చారని తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. ఆ కాల్పులవల్ల విచారణే లేకుండా పోయింది. విచారణ లేనిచోట బాధితుల పక్షానికి పాత్ర ఎక్కడిది? పోలీసు తుపాకీకి వేసిన పూలదండను బాధితురాలి హక్కు అని పొరబడేవాళ్ళు నల్లకుంటనూ వాకపల్లినీ ఒకసారి గుర్తుచేసుకోవాలి. అక్కడ ఆరోపణ ఎవరి మీద వచ్చింది?

2024 జూలై 1 నుంచి పాత విచారణ స్మృతి పోయి, భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. పేరు మాట అటుంచి, బాధితుల విషయంలో కొన్ని మెట్లు ఎక్కింది. ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలంటే బాధితుల మాట వినకుండా కోర్టు ఒప్పుకోకూడదు. ఇది మంచిది. పలుకుబడిగలవాళ్ళ కేసులు చడీచప్పుడు లేకుండా ఎత్తేసే అలవాటు అన్ని ప్రభుత్వాలకూ వుంది. పోలీసు నివేదిక, కాగితాల నకళ్ళు ముద్దాయితోపాటు బాధితులకూ ఇవ్వాలి. కాని ఒక షరతు: బాధితులకు న్యాయవాది వుంటేనే. ప్లీడరును పెట్టుకోలేని కూలిమనిషికి తన కేసు కాగితాలు చూసే హక్కు ఆ వాక్యంలో లేదు. బెయిలు విచారణలో ఫిర్యాదిదారు వుండితీరాలన్న నియమం పదహారేళ్ళలోపు పిల్లలపై అత్యాచారం, పద్ధెనిమిదేళ్ళలోపు వారిపై సామూహిక అత్యాచారం కేసులకే వుంది. పెద్ద వయసు స్త్రీకి లేదు. సాక్షి బోను దగ్గర మాత్రం పాత గీత పాతచోటే వుంది.

ఇంకొకటి చేర్చారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా ఫిర్యాదిదారుకో, బాధితురాలికో పోలీసులు తెలియజెయ్యాలి. ఏ విధంగానైనా తెలియజెయ్యవచ్చు, ఎలక్ట్రానిక్ పద్ధతిలోనైనా సరే. అంటే ఫోనుకు ఒక మెసేజి వస్తుంది. మన పల్లెల్లో ఎన్నో ఇళ్ళలో ఫోను వుండేది భర్త చేతిలోనో అన్న చేతిలోనో. ఫిర్యాదు నాడు స్టేషన్లో రాయించిన నంబరు కూడా ఎక్కువసార్లు వాళ్ళదే అవుతుంది. ఆ మెసేజిని మొదట చదివేది ఎవరు, చదివి ఆమెకు ఏం చెప్తారు, అసలు చెప్తారా, ఈ కథ నేనింకా ఏ పత్రికలోనూ చదవలేదు.